రేవులో పరాయి ఆల్చిప్ప – ఒక పాఠం



చెరువును కప్పేసే గుర్రపుడెక్కను, పొలం గట్ల మీది వయ్యారిభామను, బీడు భూముల్లోని సర్కారు తుమ్మను మనమందరం చూశాం. ఈ మూడూ మన దేశపు మొక్కలు కావు. అమెరికా ఖండాల నుండి వచ్చి ఇక్కడ పాతుకుపోయాయి. ఇలా మనుషుల రాకపోకల వల్ల కొత్త చోటికి చేరి, అక్కడి జీవులను నెట్టివేసి విస్తరించే వాటిని ఆక్రమణ జాతులు అంటారు. నేల మీది కలుపు అందరికీ కనిపిస్తుంది. సముద్రంలోని కలుపు నీటి అడుగున ఉంటుంది కనుక, ఎవరైనా పనిగట్టుకొని వెతికితేనే దొరుకుతుంది. ఆ వెతకడం ఎంత విలువైనదో ఈ పాఠంలో తెలుసుకుందాం.

మెరీనా అంటే ఏమిటి?

మెరీనా అనగానే మనకు చెన్నై బీచి గుర్తుకు వస్తుంది. కాని ఇక్కడ మెరీనా అంటే విహార నౌకలు, చిన్న పడవలు కట్టి ఉంచే రేవు. అలలు తగలకుండా చుట్టూ గోడలు ఉంటాయి. నీరు నిలకడగా ఉంటుంది. దేశదేశాల పడవలు వచ్చి నెలల తరబడి ఆగుతాయి. పరాయి జీవులు స్థిరపడడానికి ఇంతకంటే అనువైన చోటు ఉండదు.

అవి మూడు దారుల్లో వస్తాయి. మొదటిది, పడవ అడుగుకు అంటుకొని. రెండవది, ఇంజన్‌ను చల్లబరచడానికి సముద్రపు నీటిని తోడే గొట్టాల లోపల దాగి. మూడవది, పెద్ద ఓడలు బరువు సమతూకం కోసం నింపుకొనే నీటిలో పిల్ల జీవులుగా. ఈ మూడవ దారిని అదుపు చేయడానికి చేసుకున్న అంతర్జాతీయ ఒప్పందం 2004లో ఆమోదం పొంది, 2017లో అమలులోకి వచ్చింది.

నల్లచారల ఆల్చిప్ప

దీని శాస్త్రీయ నామం మైటిలాప్సిస్ సాలీ. పుట్టిల్లు మెక్సికో సింధుశాఖ, కరీబియన్ సముద్ర ప్రాంతం. పొడవు సుమారు రెండున్నర సెంటీమీటర్లు మాత్రమే. కాని దాని బలం పరిమాణంలో లేదు. పుట్టిన నెల రోజులకే గుడ్లు పెట్టే వయసుకు వస్తుంది. ఒక్క ఆడ ఆల్చిప్ప వేల సంఖ్యలో గుడ్లు విడుస్తుంది. మంచినీటికి దగ్గరగా ఉన్న నీటిలోనూ, సముద్రం కంటే ఉప్పగా ఉన్న నీటిలోనూ బతకగలదు. పట్టుదారాల వంటి పోగులతో రాయికి, కర్రకు, ఇనుముకు, చివరికి మరో ఆల్చిప్పకు కూడా అంటుకుంటుంది. పొరల మీద పొరలుగా పేరుకొని గొట్టాలను మూసివేస్తుంది. తాళ్లను, తేలియాడే బోయాలను బరువెక్కిస్తుంది. స్థానిక జీవులకు చోటు లేకుండా చేస్తుంది.

విశాఖలో 1967

ఈ జీవి మన దేశంలో మొదట కనిపించింది మన విశాఖపట్నం ఓడరేవులోనే. 1967లో కనిపించిన దీని గురించి ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన జంతుశాస్త్రవేత్త ఆచార్య పి.ఎన్. గణపతి, ఆయన సహచరులు 1971లో శాస్త్ర పత్రికలో ప్రకటించారు. అప్పటికే అది రేవులో స్థిరపడింది. విశాఖ రేవు సముద్రానికి తెరిచి ఉన్న రేవు. రోజూ ఆటుపోట్లు వస్తాయి, ఓడల రాకపోకలు ఆగవు. అలాంటి నీటిలో మందు కలిపితే పలుచబడి సముద్రంలోకి పోతుంది. అందువల్ల దానిని నిర్మూలించడం సాధ్యం కాలేదు. తరువాత అది ముంబయిలో కనిపించింది. ఇటీవలి సంవత్సరాలలో కేరళ తీరానికీ చేరింది. అక్కడ నీటిలో దిగి ఆల్చిప్పలు ఏరి అమ్ముకొనే పేద కుటుంబాలు ఉన్నాయి. పరాయి ఆల్చిప్ప చోటు ఆక్రమిస్తే తగ్గేది వారి రోజు కూలే.

డార్విన్‌లో 1999

ఆస్ట్రేలియా ఉత్తర తీరాన డార్విన్ నగరం ఉంది. 1998లో అక్కడి రేవులను గజ ఈతగాళ్లతో సర్వే చేయించారు. ఈ ఆల్చిప్ప ఒక్కటి కూడా లేదు. సుమారు ఆరు నెలల తరువాత, 1999 మార్చి చివరలో మళ్లీ దిగి చూశారు. కల్లెన్ బే మెరీనాలో కొన్ని చోట్ల చదరపు మీటరుకు 20 వేలకు పైగా ఆల్చిప్పలు ఉన్నాయి! అది బయటకు పాకితే ఆ తీరంలోని ముత్యాల పరిశ్రమకు పెద్ద దెబ్బ.

డార్విన్‌లో ఆటుపోట్ల తేడా చాలా ఎక్కువ, దాదాపు 8 మీటర్ల వరకు ఉంటుంది. అందుకే అక్కడి మెరీనాలకు లాకులు కట్టారు. గోదావరి, కృష్ణా కాలువల మీద మనం చూసే లాకుల వంటివే. అధికారులు రోజుల వ్యవధిలోనే లాకులు మూసివేసి, పడవలను కదలనివ్వలేదు. మూడు మెరీనాల నీటిలో క్లోరిన్ ద్రావణం, మైలతుత్తం కలిపారు. అప్పటికే బయటకు వెళ్లిపోయిన పడవలతో సహా 400కు పైగా పడవల ఆచూకీ తీశారు. నెల రోజుల లోపే ఆల్చిప్ప నిర్మూలన అయింది. ఖర్చు 20 లక్షల ఆస్ట్రేలియా డాలర్లు దాటింది. ఆ నీటిలోని చేపలు, ఇతర జీవులు కూడా చనిపోయాయి. అంటే ఇది సంతోషంగా చేసే వైద్యం కాదు, గత్యంతరం లేక చేసే శస్త్రచికిత్స.

తేడా ఎక్కడ ఉంది?

ఆల్చిప్ప ఒక్కటే, రేవులు రెండు. డార్విన్‌కు కలిసివచ్చినవి రెండు. ఒకటి, మూయగలిగిన లాకు. రెండు, 1998 నాటి సర్వే. ఆనాడు ఏమీ దొరకలేదు కదా అని ఆ శ్రమ వృథా కాలేదు. "ఆరు నెలల క్రితం ఇది లేదు" అని ఖచ్చితంగా తెలిసింది కాబట్టే, వచ్చినది కొత్తదని, ఇంకా దూరం పాకి ఉండదని, ఇప్పుడే కొడితే పోతుందని నిర్ణయించగలిగారు. పరిశీలనలో సున్నా కూడా ఒక ఫలితమే. దానిని తేదీతో రాసిపెట్టాలి.

హాస్టల్‌లో నల్లుల సంగతి మనకు తెలిసిందే. ఒక ట్రంకు పెట్టెలో ఉన్నప్పుడే గమనిస్తే ఒక మంచం ఎండలో వేస్తే చాలు. గది గదికీ పాకిన తరువాత హాస్టల్ ఖాళీ చేయించినా పోవు.

ఎలా గమనిస్తారు?

పద్ధతి చాలా సులభం. అరచేతి పరిమాణంలో ఉన్న ప్లాస్టిక్ పలకలను తాడుకు కట్టి, రేవు గోడ పక్కన నీటిలో వేలాడదీస్తారు. నెలకొకసారి పైకి తీసి, ఫోటో తీసి, అంటుకున్న జీవులను జాతుల వారీగా లెక్కపెట్టి రాస్తారు. కొత్తది కనిపిస్తే నిపుణులకు పంపుతారు. దీనితో పాటు ఈతగాళ్లు గోడలను, తాళ్లను, పడవల అడుగును చూస్తారు. డార్విన్‌లో 1999 తరువాత విదేశాల నుండి వచ్చే విహార నౌకలను మెరీనాలోకి రానిచ్చే ముందే తనిఖీ చేసే ఏర్పాటు చేశారు.

గుర్తుంచుకోవలసినవి

1. రాకుండా ఆపడం చౌక, వచ్చిన వెంటనే తీసివేయడం ఖరీదు, పాతుకున్నాక తీసివేయడం దాదాపు అసాధ్యం.
2. పడవ అడుగును నీటిలోనే గీకి వదలరాదు. ఒడ్డుకు లాగి గీకి, ఆ చెత్తను ఎండబెట్టాలి.
3. "లేదు" అన్న పరిశీలనను కూడా తేదీ, స్థలంతో నమోదు చేయాలి.

మనలో సముద్ర తీర గ్రామాల నుండి వచ్చిన వారు చాలామంది ఉన్నారు. వలకు, తాడుకు ఎప్పుడూ చూడని జీవి అంటుకుంటే మొదట గుర్తుపట్టేది మీ నాన్నలు, మావయ్యలే. వారు చెప్పిన మాటను తేదీ వేసి నోటుబుక్కులో రాయండి. మీ జంతుశాస్త్రం మాస్టారికి చూపించండి. జీవశాస్త్రం ఇష్టమైన వారు డిగ్రీ తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సముద్ర జీవులకు సంబంధించిన కోర్సులు చదవవచ్చు. రేవులో పుట్టి పెరిగిన పిల్లలే రేవును పరిశోధించే శాస్త్రవేత్తలైతే, తరువాత వచ్చే పరాయి జీవిని మనం 1967లో కంటే ముందుగానే పట్టుకుంటాం.