ఒకసారికి ఒక్కటే మార్చండి

నాన్నగారి రికార్డు ప్లేయర్‌లో ఓ రోజు కుడి స్పీకర్ మూగబోయింది. టోన్‌ఆర్మ్ తిప్పి చూస్తే కార్ట్రిడ్జ్ దగ్గర ఎర్ర తీగ తెగి ఉంది. వెంట్రుకంత సన్నని తీగలు నాలుగు. ఎరుపు, ఆకుపచ్చ కుడి చానెల్‌వి. తెలుపు, నీలం ఎడమవి. వాటిని మార్చడానికి కూర్చున్న ఆదివారం మూడు మంచి పాఠాలు నేర్పింది.

పాతదాన్ని తొందరపడి పారేయకండి: తీగను టోన్‌ఆర్మ్ గొట్టంలోకి నెట్టలేం. పాత తీగ కొసకు కొత్తది కట్టి మెల్లగా లాగితే అదే దారి చూపిస్తుంది. అలవాట్లూ అంతే. సాయంత్రం టీ తాగే అలవాటుందా? ఆ టీ వెంటే పది పేజీలు చదవండి.

ఒకసారికి ఒకే మార్పు: లోపలి తీగలు, బయటి కేబుల్, ప్లగ్గులు అన్నీ ఆ రోజే మార్చేశాను. స్విచ్ వేస్తే గుయ్‌మని రొద! కార్ట్రిడ్జ్ ఇచ్చేది సుమారు 5 మిల్లీవోల్టులే. అక్కడ చిన్న లోపమున్నా ఆంప్లిఫయర్ దాన్ని ఎన్నో రెట్లు చేసి వినిపిస్తుంది. తప్పెక్కడో తెలియక ఒక్కొక్కటే వెనక్కి మార్చుకుంటూ వచ్చాను. కేబుల్ ఎర్త్ తీగకు టంకం సరిగా అతకలేదు, అంతే. నిద్ర, తిండి, వ్యాయామం ఒకే సోమవారం మార్చేవారు ఎక్కడ తప్పారో ఇలాగే తెలుసుకోలేరు.

ఇష్టాన్ని పరీక్షకు పెట్టండి: నేను అల్లిన కేబుల్ కొన్నదానికన్నా బాగా పలుకుతోందని గట్టిగా నమ్మాను. ఏది తగిలించాడో చెప్పకుండా మార్చమని తమ్ముడికి అప్పజెప్పాను. పదిసార్లలో ఐదుసార్లే సరిగ్గా చెప్పగలిగాను. బొమ్మా బొరుసూ వేసినా అంతే వస్తుంది! అలాగని కేబుళ్లన్నీ ఒకటేనని కాదు. పొడవు పెరిగితే కెపాసిటెన్స్ పెరిగి, మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్‌లో పైస్వరాల తీరు మారుతుంది. అది మీటరుతో కొలవగల తేడా. నా గొప్ప మాత్రం మనసు కల్పించుకున్నది.

ఈ రాత్రే ఓ కాగితం తీసుకోండి. మార్చుకోవాలనుకున్నవన్నీ రాసి, ఒక్కటి ఉంచి మిగతావి కొట్టేయండి. అదేమిటో ఎవరికీ చెప్పకండి. నెల గడిచాక ఇంట్లోవాళ్లను అడగండి, నాలో ఏం మారిందని. వాళ్లు దాని పేరు చెబితే, అప్పుడు రెండోది మొదలుపెట్టండి.