గరిట పట్టిన అనుభవం ఉంటే కోర్సు ఎందుకు?

ఆస్ట్రేలియాలో చెఫ్‌గా స్థిరపడాలనుకునేవాళ్లకు మొదట ఎదురయ్యే సందేహం ఒకటే. వంట కోర్సులో చేరి స్టూడెంట్ వీసా మీద వెళ్లాలా? స్పాన్సర్ చేసే రెస్టారెంటు దొరికేదాకా ఆగాలా? మీరు ఇప్పటికి ఎన్నేళ్లు వంటింట్లో పనిచేశారన్న దాన్ని బట్టే జవాబు ఉంటుంది.

స్పాన్సర్‌షిప్ మీద వెళ్లేది 482 వీసా. 2024 డిసెంబరు 7న దీన్ని 'స్కిల్స్ ఇన్ డిమాండ్' పేరుతో మార్చారు. అంతకుముందు రెండేళ్ల అనుభవం అడిగేవారు. ఇప్పుడు గత ఐదేళ్లలో ఒక ఏడాది ఫుల్‌టైమ్ పని చూపిస్తే చాలు. యజమాని ఇవ్వాల్సిన కనీస వార్షిక జీతాన్ని 2025 జులైలో 76,515 ఆస్ట్రేలియన్ డాలర్లుగా నిర్ణయించారు. ఏటా జులైలో అది మారుతుంది. ఒకవేళ ఉద్యోగం పోతే కొత్త స్పాన్సర్‌ను వెతుక్కోవడానికి 180 రోజుల గడువిస్తారు.

చదువు దారిలో ఖర్చంతా మీదే. వీసా రుసుమే 2025 జులై నుంచి 2,000 డాలర్లు. ఏడాది జీవన వ్యయానికి 29,710 డాలర్లు చూపించాలి. ఫీజులు వేరు. తరగతులు నడిచే రోజుల్లో రెండు వారాలకు 48 గంటలే పని చేయనిస్తారు, ఆ సంపాదనతో ఫీజు కట్టేద్దామనుకోవడం పొరపాటు. రెండేళ్లు చదివాక 35 ఏళ్లలోపు వారికి 18 నెలల వరకు వర్క్ వీసా దొరకొచ్చు. ఆ తర్వాత మళ్లీ స్పాన్సర్ వేటే.

అందుకే నాలుగేళ్లుగా తందూరీయో బిర్యానీయో చేస్తున్న మాస్టర్ పొలం అమ్మి, ఉల్లిపాయ తరగడం నేర్పే క్లాసులో కూర్చోవద్దని గట్టిగా చెబుతాను. ఇంటర్ పూర్తయిన కుర్రాడి సంగతి వేరు, అతన్ని స్పాన్సర్ చేసేవాళ్లు ఉండరు. అతనికైనా హైదరాబాద్, తిరుపతిలోని హోటల్ మేనేజ్‌మెంట్ సంస్థల్లో (ఐహెచ్ఎం) చదివి, రెండేళ్లు పెద్ద హోటల్లో పనిచేసి వెళ్లడమే మేలు.

మనవాళ్లకు చిక్కంతా కాగితాల దగ్గరే. చేతిలో పని ఉంటుంది, రుజువు ఉండదు. జీతం నగదుగా చేతికిస్తారు, పీఎఫ్ ఉండదు, అపాయింట్‌మెంట్ లెటర్ అడిగితే ఓనర్ వింతగా చూస్తాడు. ఊళ్లో అందరికీ తెలిసిన పదేళ్ల అనుభవం వీసా అధికారికి కనబడేది బ్యాంకు స్టేట్‌మెంటులోనే.

ఇంకో మాట. స్పాన్సర్‌షిప్ కోసం డబ్బు అడగడమే కాదు, ఇవ్వడమూ ఆస్ట్రేలియా చట్టం ప్రకారం 2015 నుంచి తప్పు. ఇక్కడి రిక్రూటింగ్ ఏజెంటు విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో నమోదై ఉండాలి. అతను తీసుకోదగిన గరిష్ఠ రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. లక్షలు అడిగాడంటే లేచి వచ్చేయండి.

విదేశానికి ఎప్పుడు వెళ్లినా సరే, వచ్చే నెల జీతం మాత్రం బ్యాంకు ఖాతాలో వేయమని ఓనర్‌ని అడగండి.