పన్నెండు రాత్రులు, మూడు దేశాలు: దంపతుల తొలి యూరప్ యాత్రకు ఎలా సిద్ధం కావాలి?

యూరప్ వెళ్దామని భార్యాభర్తలు అనుకున్న రాత్రే చాలా ఇళ్లలో ఒక జాబితా పుడుతుంది. పారిస్ ఎలాగూ ఉండాలి. స్విట్జర్లాండ్ లేకుండా యూరప్ ఏమిటి? వెనిస్, రోమ్ సరేసరి. అంత దూరం వెళ్లి ఆమ్‌స్టర్‌డామ్ వదిలేస్తామా? పనిలో పనిగా ప్రాగ్, వియన్నా. లండన్‌లో పెదనాన్నగారబ్బాయి ఉన్నాడు, అటు కూడా ఓ రెండు రోజులు... తెల్లారేసరికి పన్నెండు రోజులకు ఏడు దేశాలు తేలతాయి.

దేశాలు లెక్కపెట్టడంతోనే లెక్క తప్పుతుంది. లెక్కపెట్టాల్సింది రాత్రుల్ని. ఏ ఊళ్లో ఎన్ని రాత్రులు పడుకుంటారో తేలితే, వీసా ఎవరి దగ్గర పెట్టాలి, ఎంత ఖర్చవుతుంది, ఎన్నిసార్లు పెట్టెలు సర్దాలి అన్నవన్నీ దాని వెనకే తేలతాయి. కాబట్టి ఆ లెక్కతోనే మొదలుపెడదాం.

1. ముందు రాత్రులు పంచండి

ఊరు మారిన ప్రతిసారీ దాదాపు ఒక పూట పోతుంది. పొద్దున పెట్టె సర్దాలి, గది ఖాళీ చేయాలి, స్టేషన్‌కు చేరాలి, రైల్లో నాలుగైదు గంటలు కూర్చోవాలి, కొత్త ఊళ్లో హోటల్ వెతుక్కోవాలి. గది చేతికొచ్చేది చాలా చోట్ల మధ్యాహ్నం మూడు దాటాకే. పన్నెండు రాత్రులకు ఆరు ఊళ్లు పెట్టుకుంటే యాత్రలో పెద్ద భాగం పెట్టెలు లాగడంతోనే గడిచిపోతుంది.

మొదటిసారి వెళ్లేవారికి తేలికైన పంపకం ఇది: పారిస్‌లో 4 రాత్రులు, స్విట్జర్లాండ్‌లోని లూసెర్న్‌లో 3, ఇటలీలో ఫ్లారెన్స్‌లో 2, రోమ్‌లో 3. ఊళ్లు నాలుగే. మధ్యలో విమానం అక్కర్లేదు, అంతా రైలే. విమానం టికెట్ తీసేటప్పుడు ‘మల్టీ సిటీ’ అనే మీట నొక్కి, దిగడం పారిస్‌లో, తిరుగు ప్రయాణం రోమ్ నుంచి పెట్టుకోండి. వెళ్లిన దారినే వెనక్కి రానక్కర్లేదు.

ఊళ్లు ఖరారు చేసే ముందు ఇద్దరూ విడివిడిగా, ఒకరి కాగితం ఒకరు చూడకుండా, తప్పనిసరిగా చూడాల్సినవి మూడేసి రాయండి. ఇద్దరి కాగితాల్లోనూ ఉన్నవి మొదట ఖాయం. మిగిలినవాటిలో ఆవిడకొకటి, ఆయనకొకటి. ఒకరికి మంచు కొండ, మరొకరికి మ్యూజియం అయినా ఇబ్బంది లేదు. ఈ కాగితాల మీద ఇక్కడే తేల్చుకున్న వాదన అక్కడ నడిరోడ్డు మీద తలెత్తదు.

2. వాటిని వారాల మీద పరచండి

ఏ తారీఖు అన్నదానికంటే ఏ వారం అన్నది ముఖ్యం. లూవ్ర్ మ్యూజియంకు మంగళవారం సెలవు. అదే పారిస్‌లో ఓర్సే మ్యూజియంకూ, ఊరి బయటి వెర్సాయ్ ప్యాలెస్‌కూ సోమవారం సెలవు. ఫ్లారెన్స్‌లో ఉఫీజీ గ్యాలరీ, మైకెలాంజెలో చెక్కిన డేవిడ్ శిల్పం ఉండే అకాడమీయా రెండూ సోమవారం మూస్తారు. వాటికన్ మ్యూజియంలు నెలలో చివరి ఆదివారం తప్ప మిగతా ఆదివారాలు తెరవరు.

ఇప్పుడు మన పన్నెండు రాత్రులను వీటి మీద పెట్టి చూడండి. శుక్రవారం రాత్రి హైదరాబాద్‌లో బయల్దేరితే శనివారం పారిస్. ఆది, సోమవారాల్లో ఒకరోజు లూవ్ర్, మంగళవారం ఓర్సే లేదా వెర్సాయ్. బుధవారం లూసెర్న్‌కు రైలు. శనివారం ఫ్లారెన్స్‌కు. అక్కడ చేతికందే పూర్తి రోజు ఆదివారం, కాబట్టి డేవిడ్ దర్శనమిస్తాడు. సోమవారం రోమ్‌కు, మంగళవారం వాటికన్, గురువారం తిరుగు విమానం. ఆఫీసుకు పెట్టే సెలవులు పది. ఇదే యాత్రను ఒక్కరోజు ఆలస్యంగా మొదలుపెడితే ఫ్లారెన్స్‌లో మీ ఏకైక రోజు సోమవారమై, రెండు తలుపులూ మూసి ఉంటాయి.

కాలం విషయానికొస్తే ఏప్రిల్, మే, సెప్టెంబర్, అక్టోబర్ నెలలు హాయి. పిల్లల వేసవి సెలవులతో సంబంధం లేని జంటలకు దసరా రోజులు బాగా కలిసొస్తాయి. జులై, ఆగస్టుల్లో రోమ్, ఫ్లారెన్స్ ఎండ మన విజయవాడను గుర్తుచేస్తుంది. పారిస్, స్విట్జర్లాండ్‌లలో చాలా హోటళ్లకు ఏసీ ఉండదు.

3. వీసా ఎవరి దగ్గర పెట్టాలి?

ఒకే వీసాతో తిరగగలిగే షెంజెన్ ప్రాంతంలో 2025 జనవరి నుంచి 29 దేశాలున్నాయి. ఆ పేరు లక్సెంబర్గ్‌లోని ఒక చిన్న ఊరిది. 1985లో తొలి ఒప్పందం మీద సంతకాలు అక్కడే జరిగాయి. స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేదు గానీ షెంజెన్‌లో ఉంది. బ్రిటన్ రెండింట్లోనూ లేదు. అంటే లండన్‌కు వేరే వీసా, వేరే ఖర్చు. పైగా మీకు సింగిల్ ఎంట్రీ వీసా వస్తే, మధ్యలో లండన్ వెళ్లినవారు మళ్లీ పారిస్‌లో అడుగుపెట్టలేరు. పెదనాన్నగారబ్బాయిని మరో ఏడాది చూద్దాం.

దరఖాస్తు ఎక్కువ రోజులు ఉండే దేశానికి పెట్టాలి. రోజులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. చాలామంది పొరబడేది ఇక్కడే. మన ప్రణాళికలో దిగేది పారిస్‌లోనే అయినా, ఇటలీలో 5 రాత్రులున్నాయి కాబట్టి ఇటలీ వీసాయే తీసుకోవాలి. రాత్రులు ముందు పంచమన్నది ఇందుకే.

ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. ఆఖరి గడువు 15 రోజుల ముందు. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు పడుతుంది, అవసరమనుకుంటే 45 రోజుల దాకా తీసుకుంటారు. వేసవికి ముందు వీసా కేంద్రంలో స్లాట్లు దొరకడమే గగనం, కాబట్టి మూడు నెలల ముందే తేదీ పట్టుకోండి. రుసుము 2024 జూన్ నుంచి మనిషికి 90 యూరోలు, కేంద్రం తీసుకునే సేవా రుసుము అదనం. వేలిముద్రలకు ఇద్దరూ వెళ్లాలి. ఒకసారి ఇస్తే 59 నెలలు పనికొస్తాయి.

4. కాగితాలు కూర్చండి

పాస్‌పోర్టు పదేళ్లలోపు జారీ అయినదై ఉండాలి, షెంజెన్ వదిలే రోజు తర్వాత కనీసం మూడు నెలలు చెల్లాలి, రెండు పేజీలు ఖాళీగా ఉండాలి. ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు, తిరిగే దేశాలన్నింటికీ, అన్ని రోజులకూ వర్తించాలి. వీటికి బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఐటీ రిటర్నులు, జీతం స్లిప్పులు, ఆఫీసు ఇచ్చే సెలవు పత్రం, హోటల్ బుకింగులు, విమానం రిజర్వేషన్ జతచేయండి. ఏ రోజు ఏ ఊళ్లో ఉంటారో, ఖర్చు ఎవరు పెడుతున్నారో చెప్పే కవర్ లెటర్ ఒక్క పేజీలో రాయండి. దరఖాస్తుకు ముందు వారం ఖాతాలోకి ఎక్కడినుంచో పెద్ద మొత్తం వచ్చిపడితే మేలు కన్నా అనుమానమే ఎక్కువ. ఇద్దరిలో ఒకరికే సంపాదన ఉంటే రెండోవారి ఫైల్లో ఆ కాగితాల నకళ్లు, వివాహ ధ్రువపత్రం పెట్టండి.

మనవాళ్లకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఇంటిపేరు. పెళ్లయినా ఆవిడ పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరే ఉండొచ్చు. దానికోసం పాస్‌పోర్టు మార్చుకోవాల్సిన పనిలేదు, వివాహ ధ్రువపత్రమే సమాధానం చెబుతుంది. టికెట్ల దగ్గర మాత్రం జాగ్రత్త: మనకు ఇంటిపేరు ముందు రాయడం అలవాటు, విమాన సంస్థ మొదట అడిగేది చాలాసార్లు సొంత పేరు. పాస్‌పోర్టులో ‘సర్‌నేమ్’ గడిలో ఏముందో అదే టికెట్‌లో ‘లాస్ట్ నేమ్’ గడిలో పూర్తిగా రాయాలి. పొడి అక్షరాలు పనికిరావు.

5. ఏది ముందు, ఏది తర్వాత కొనాలి?

వీసా రాకముందు డబ్బు వాపసు రానివేవీ కొనకండి. హోటళ్లు ఉచితంగా రద్దు చేసుకునే వీలున్నవే బుక్ చేయండి. వీసా చేతికొచ్చిన రోజే రైలు టికెట్ల మీద కూర్చోండి. ఆలస్యమైన కొద్దీ వాటి ధర పెరుగుతుంది.

మన దారిలో రైళ్లు ఇవి: పారిస్ నుంచి బాసెల్‌కు టీజీవీ అనే వేగపు రైల్లో మూడు గంటల పైచిలుకు, అక్కడినుంచి లూసెర్న్‌కు ఒక గంట. లూసెర్న్ నుంచి మిలాన్‌కు మూడు గంటల పైనే. ఆల్ప్స్ కింద తవ్విన 57 కిలోమీటర్ల గోథార్డ్ సొరంగం ఈ దారిలోనే. మిలాన్ నుంచి ఫ్లారెన్స్‌కు రెండు గంటలు, ఫ్లారెన్స్ నుంచి రోమ్‌కు గంటన్నర. ఇలాంటి కొద్దిపాటి ప్రయాణాలకు పలు దేశాల రైళ్లకు కలిపి ఇచ్చే యూరేల్ పాస్ కన్నా విడి టికెట్లే సాధారణంగా చవక. పాస్ ఉన్నా ఫ్రాన్స్, ఇటలీల వేగపు రైళ్లలో సీటు రిజర్వేషన్‌కు మళ్లీ కట్టాలి. లూసెర్న్‌లో ఉన్నన్నాళ్లకు స్విస్ ట్రావెల్ పాస్ ధర చూడండి. మూడు రోజుల పాస్‌లో రైళ్లు, సరస్సులో పడవలు, రిగి కొండ రైలు కలిసివస్తాయి.

చూసేవాటిలో ముందే తీసుకోవాల్సినవి ఐఫిల్ టవర్, లూవ్ర్, కొలోసియం, వాటికన్. ఐఫిల్ లిఫ్టు టికెట్లు 60 రోజుల ముందు, కొలోసియంవి 30 రోజుల ముందు అమ్మకానికి వస్తాయి. ఆ తేదీలు ఫోన్‌లో అలారంగా పెట్టుకోండి.

6. డబ్బు లెక్క

ఖర్చును నాలుగు భాగాలు చేయండి: విమానం, గదులు, రైళ్లు, రోజువారీ. మొదటి మూడూ ఇంట్లో కూర్చునే తేలిపోతాయి. రోజువారీ ఖర్చులో స్విట్జర్లాండ్‌కు ఎక్కువ వేసుకోండి. అక్కడ హోటల్ భోజనం ఇద్దరికీ బరువే, కాబట్టి కోప్, మిగ్రోస్ దుకాణాల్లో కొనుక్కుని ఒక పూట గడిపేయవచ్చు. అక్కడి కరెన్సీ స్విస్ ఫ్రాంక్, మిగతా రెండు చోట్లా యూరో. చాలా ఊళ్లలో హోటల్ బిల్లు పైన రాత్రికింత అని టూరిస్టు పన్ను విడిగా అడుగుతారు, కంగారుపడకండి.

ఫారెక్స్ కార్డు ఒకటి, మామూలు కార్డు ఒకటి ఉంచుకుని ఇద్దరి బ్యాగుల్లో చెరొకటి పెట్టండి. కార్డు మిషన్ ‘రూపాయల్లో కడతారా, యూరోల్లోనా?’ అని అడిగితే యూరోయే నొక్కండి. రూపాయలు నొక్కితే వాళ్లు పెట్టిన మారకపు ధర మీ నెత్తిన పడుతుంది.

7. పెట్టె సర్దడం

మనిషికొక పెట్టె, అదీ ఒక్కరే రైల్లోకి ఎత్తగలిగినంత. పారిస్ మెట్రోలో మెట్లు ఎక్కువ, లిఫ్టులు తక్కువ. ఫ్లారెన్స్ వీధుల్లో పరిచిన రాళ్లు చక్రాల ప్రాణం తీస్తాయి.

ఆవకాయ సంగతి: తీసుకెళ్లవచ్చు, కానీ గట్టిగా సీలు చేసి చెకిన్ పెట్టెలోనే పెట్టాలి. ఈయూ దేశాల్లోకి మన దగ్గర్నుంచి మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్లడం నిషేధం. కోడి పచ్చడి, నెయ్యి, పాలకోవా ఇంట్లోనే వదలాలి. మామిడిపళ్లు, పచ్చి కరివేపాకు కూడా తీసుకెళ్లవద్దు.

మన మూడు పిన్నుల ప్లగ్గులు అక్కడ పట్టవు, యూనివర్సల్ అడాప్టర్ కొనండి. ఈ-సిమ్ తీసుకునేటప్పుడు దేశాల జాబితాలో స్విట్జర్లాండ్ పేరు ఉందో లేదో చూడండి. కొన్ని ప్లాన్లు ఈయూ దేశాలకే పరిమితం. చర్చిలకూ వాటికన్‌కూ భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు కావాలి.

8. దిగాక

2025 అక్టోబర్ 12న మొదలైన కొత్త పద్ధతిలో సరిహద్దు దగ్గర పాస్‌పోర్టు ముద్రకు బదులు ఫోటో, వేలిముద్రలు తీసుకుంటున్నారు. వరుస పొడవుండొచ్చు, తొలి రోజు సాయంత్రం దాకా ఏ టికెట్టూ పెట్టుకోకండి. ఇటలీలో కాగితం మీద తీసిన ప్రాంతీయ రైలు టికెట్‌కు ఎక్కే ముందు ప్లాట్‌ఫారం మీది మిషన్‌లో ముద్ర వేయించాలి, మరిస్తే జరిమానా. పారిస్ మెట్రోలో, రోమ్ పెద్ద స్టేషన్ దగ్గర జేబుదొంగలు చురుకు. సంతకం అడిగేవారిని, చేతికి దారం కట్టబోయేవారిని దాటి నడవండి. ఏ దేశంలోనైనా అత్యవసరానికి 112.

ప్రతి ఊళ్లో ఒక పూట ఏమీ పెట్టుకోకుండా వదలండి. ఒకరికి కాళ్లు నొప్పులు, మరొకరికి ఇంకో మ్యూజియం చూడాలని ఉంటే మూడు గంటలు విడివిడిగా తిరిగి ఒక చోట కలుసుకోండి. పగలంతా పన్నెండు మైళ్లు నడిచి, ఆకలి మీద దారి వెతుక్కునేటప్పుడే గొడవలు మొదలవుతాయి. అందుకే రాత్రి భోజనం ఎక్కడో పొద్దునే అనుకోండి.

ఇక ఈ రాత్రి చేయాల్సిన పని చిన్నదే. రెండు పాస్‌పోర్టులు బయటికి తీసి గడువు తేదీలు చూడండి. తర్వాత ఆ ఏడు దేశాల జాబితాలో ఒక్కో పేరు పక్కన రాత్రులు వేయండి. రెండు కన్నా తక్కువ పడిన ఊరిని ఈసారికి పక్కన పెట్టేయండి. కాగితం మాత్రం పారేయకండి, రెండో యాత్రకు జాబితా అప్పుడే సగం తయారైంది.