స్పీకరుతో పాటు గదినీ పరీక్షించాలి

2010 జనవరిలో బోవా సీనియర్ మరణంతో అండమాన్ దీవుల్లో బో భాష మాట్లాడేవారు లేకుండా పోయారు. ఆమె గొంతు ఇక రికార్డింగుల్లోనే.

ఇలాంటి రికార్డింగులను శుభ్రం చేసేవారు మానిటర్ స్పీకర్లను నమ్ముకుంటారు. అవి శబ్దాన్ని ఉన్నదున్నట్టు వినిపించాలి. కానీ గది కూడా శబ్దాన్ని మారుస్తుంది.

30 డిగ్రీల సెల్సియస్ వద్ద గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 349 మీటర్లు. గది పొడవు 3.5 మీటర్లయితే, వేగాన్ని పొడవుకు రెట్టింపుతో భాగిస్తే సుమారు 50 హెర్ట్జ్. మన కరెంటు పౌనఃపున్యమూ ఇదే! అందువల్ల రికార్డింగులో చేరిన కరెంటు హమ్ గోడ దగ్గర ఎక్కువగా, గది మధ్యలో చాలా తక్కువగా వినిపిస్తుంది. మధ్యలో కూర్చుంటే లోపం దొరకదు. గోడ దగ్గరైతే హమ్‌తో పాటు గొంతునూ కోసేసే ప్రమాదం ఉంది.

అందుకే బాగా తెలిసిన రికార్డింగు పెట్టి, కుర్చీ జరుపుతూ వినాలి. రెండు స్పీకర్లను పోల్చేటప్పుడు శబ్ద తీవ్రత సమానంగా ఉంచాలి. మూల ప్రతిని మాత్రం ముట్టుకోకూడదు.