కోతియు, రాతిపువ్వును



మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతముల గుట్టలు మనమెరిగినవే. ఆ బండలమీద కోతి కూర్చుండును. ఆ బండలకే బూడిదరంగు మచ్చవలె అంటుకొని మరియొక జీవియుండును. దానిని లైకెన్ అందురు. మనము మసాలాలో వేయు రాతిపువ్వు ఈ వర్గములోనిదే. ఈ రెండింటిని పోల్చిచూతము.

1. ఆహారము. మన ప్రాంతపు టోపీకోతికి నెత్తిమీది వెంట్రుకలు టోపీవలె పరచుకొని యుండును. అది పండ్లు, ఆకులు, పురుగులు తినును. దొరికినదానిని బుగ్గసంచులలో దాచుకొని తీరికగా నమలును. లైకెన్‌కు నోరు లేదు, వేరు లేదు. అది శిలీంధ్రమును, పాచియు కలిసి చేయు కాపురము. పాచి ఎండ సాయమున ఆహారము సిద్ధపరచును. శిలీంధ్రము గూడై తేమను నిలుపును.

2. ఎదుగుదల. కోతిపిల్ల కొద్ది యేండ్లలోనే పెద్దదగును. బండమీది లైకెన్‌లు అనేకము ఏడాదికి ఒక మిల్లీమీటరైనను పెరుగవు. అరచేయంత మచ్చ మన తాతలనాటిది కావచ్చును. వేసవిలో ఎండిపోయినను తొలకరి చినుకుకు తిరిగి తేరుకొనును.

3. ఆపద. గుట్టను పగులగొట్టి కంకర చేసినప్పుడు, పండ్లచెట్లు నరికినప్పుడు కోతి ఊరిలోనికి వచ్చును. ఇంటి పెంకులు లాగును, మొక్కజొన్న చేను పాడుచేయును. మనము కేకలు వేయుదుము. లైకెన్ ఎక్కడికిని పోలేదు. బండతోపాటు అదియు కంకరయగును. మరియు అది తేమను గాలినుండియే పీల్చుకొనును గనుక పొగలోని విషము దానికి త్వరగా తగులును. పారిస్ నగరములో లైకెన్‌లు తరిగిపోవుట గాలి చెడినదనుటకు గురుతని 1866లో నైలాండర్ అను శాస్త్రజ్ఞుడు తెలిపెను.

చూచితిరా? ఇద్దరికిని ఇల్లు ఒకటే. ఆ ఇల్లు పోయినది. అల్లరి చేయుదాని సంగతి ఊరంతయు ఎరుగును, మౌనముగా చచ్చినదానిని ఎవరును ఎరుగరు. మనుష్యులలోను ఇంతే గదా! గట్టిగా అడుగువానియొద్దకు పదిమంది పోవుదురు. నోరు మెదపని విధవరాలి గడప ఎవరును తొక్కరు.

కాబట్టి కోతులకు తిండి వేయకుడి; చేతితిండి మరిగినది ఇల్లు విడువదు. గుట్టమీది చెట్లను నిలువనియ్యుడి. బండలయొద్ద చెత్త కాల్చకుడి.

ఆలోచించుటకు ప్రశ్నలు:

1. మీ ఊరి గుట్టమీద పదేండ్ల క్రిందట ఏమేమి చెట్లుండెను? ఇప్పుడేవి మిగిలినవి?

2. మీ వీధిలో అడుగనేరక బాధపడుచున్నవారెవరు? ఈ వారము వారిని చూడబోవువారెవరు?