పావు మైలు పందెం

మోటారు పందేలలో కొన్ని గంటల తరబడి సాగుతాయి. అమెరికాలో విశేష ఆదరణ పొందిన 'డ్రాగ్ రేస్' మాత్రం కొన్ని సెకన్లలోనే ముగుస్తుంది. మలుపులు లేని తిన్నని బాటపై రెండు కార్లు పక్కపక్కన నిలుస్తాయి. పచ్చదీపం వెలగగానే దూసుకుపోతాయి. సంప్రదాయం ప్రకారం పావు మైలు, అనగా సుమారు 402 మీటర్ల దూరంలో ఉన్న గీతను ముందు చేరినవారు విజేతలు. ఈ పందెపు కార్లలో 'టాప్ ఫ్యూయల్' తరగతివి అత్యంత వేగవంతమైనవి. వాటిని ఆపడానికి బ్రేకులు చాలవు. వెనుక పారాచూట్ విచ్చుకోవాలి.

ఈ తరగతిలో జాతీయ విజేతగా నిలిచిన తొలి మహిళ షర్లీ మల్డౌనీ. ఆమె 1940లో జన్మించింది. న్యూయార్క్ రాష్ట్రంలోని స్కెనెక్టడీ పట్టణంలో పెరిగింది. పదహారవ ఏటనే వివాహమైంది. ఆ ఊరి వీధులలో కుర్రవాళ్ళతో పోటీపడి కారు నడిపేది. వీధి పందెం నేరమూ, ప్రాణాపాయమూ కూడా. అదృష్టవశాత్తు ఆమె త్వరలోనే అసలైన పందెపు బాటకు చేరింది. భర్త జాక్ మెకానిక్. ఆమె కారును ఆయనే సిద్ధం చేసేవాడు.

టాప్ ఫ్యూయల్ కారు నడపాలంటే లైసెన్సు ఉండాలి. అది రావాలంటే, అప్పటికే లైసెన్సు ఉన్న చోదకులు సంతకాలు చేయాలి. అప్పట్లో వారందరూ పురుషులే! ఒక స్త్రీ తమ సరసన నిలవడం చాలామందికి రుచించలేదు. ఓడితే నవ్వుతారు, గెలిస్తే సహించలేరు. అయినా డాన్ గార్లిట్స్, టామీ ఐవో, కానీ కలిటా అనే ముగ్గురు పేరొందిన చోదకులు సంతకాలు చేశారు. 1973లో ఆమెకు లైసెన్సు లభించింది. ఈ పందెంలో ఆడవారికి వేరే వరుస లేదు. దీపం అందరికీ ఒక్కసారే వెలుగుతుంది.

1977లో షర్లీ జాతీయ విజేత అయింది. అప్పుడు ఆమె కారు బాగోగులు చూసిన బృందానికి కలిటాయే పెద్ద. తరువాత వారి దారులు వేరయ్యాయి. 1980లో ఆమె రెండోసారి జాతీయ విజేతగా నిలిచింది. 1982లో ఇండియానాపొలిస్‌లో జరిగిన పెద్ద పోటీ తుది పందెంలో ఆమెకు ఎదురు నిలిచినవాడు ఆ కలిటాయే. షర్లీ గెలిచింది. ఆ ఏడే మూడోసారి జాతీయ విజేత అయింది. ఆ తరగతిలో అంతకుముందు ఎవరూ, పురుషులలో సైతం, మూడుసార్లు గెలవలేదు.

1984లో కెనడాలోని మాంట్రియల్ సమీపంలో పందెం జరుగుతుండగా ముందు టైరు దెబ్బతిని కారు ముక్కలైంది. ఆమె కాళ్ళు నుజ్జయ్యాయి. ఎన్నో శస్త్రచికిత్సలు జరిగాయి. నడవడమే కష్టమనుకున్న ఆమె 1986లో తిరిగి చక్రం పట్టింది. 2003 వరకు పందేలలో పాల్గొన్నది.

ప్రశ్నలు
1. షర్లీకి లైసెన్సు పొందడం ఎందుకు కష్టమైంది?
2. 1982 నాటి తుది పందెంలోని విశేషమేమిటి?
3. 'దీపం అందరికీ ఒక్కసారే వెలుగుతుంది' అనే మాటను సొంతమాటల్లో వివరించండి.