డోనట్ రుచి మఫిన్లు మెత్తగా రావాలంటే?

ప్రశ్న: ఇంట్లో చేసిన డోనట్ రుచి మఫిన్లు గట్టిగా వస్తున్నాయి. పైన గ్లేజ్ నిలవకుండా కారిపోతోంది. ఎందుకు?

జవాబు: గట్టిపడటానికి ముఖ్య కారణం పిండిని అతిగా కలపడమే. తడి తగిలిన మైదాలో గరిటె తిరిగేకొద్దీ గ్లూటెన్ బిగుస్తుంది. పొడిపిండి చారలు మాయం కాగానే ఆపేయాలి. చిన్న ఉండలు మిగిలినా పర్వాలేదు.

అమెరికాలో పాతకాలపు కేక్ డోనట్‌కు ఆ ప్రత్యేకమైన వాసన తెచ్చేది జాజికాయ. రెండు కప్పుల మైదాకు అర టీస్పూను పొడి చాలు. ముందే వేడిచేసిన ఓవెన్‌లో 180 డిగ్రీల సెల్సియస్ దగ్గర సుమారు 20 నిమిషాలు పడుతుంది.

ఇక గ్లేజ్. కప్పు ఐసింగ్ షుగర్‌లో రెండు టేబుల్‌స్పూన్ల పాలు, కాస్త కరిగిన వెన్న కలపాలి. పొగలు కక్కే మఫిన్‌పై అది పలుచనై జారిపోతుంది. గోరువెచ్చగా ఉన్నప్పుడు మఫిన్‌ను తలకిందులుగా ముంచి, జాలీపై ఆరనిస్తే మెరిసే పొర నిలుస్తుంది.